మైసూరుపాకులో గుల్ల ఎక్కడిది?

తడ దగ్గర చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి దిగి పడమరకు తిరిగితే శ్రీ సిటీ వస్తుంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం, చిత్తూరు జిల్లాను విడదీశాక 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా కిందికి వచ్చింది. ఇక్కడి నుంచి చెన్నై సుమారు 55 కిలోమీటర్లు. తమిళనాడు సరిహద్దు పక్కనే. శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచి వచ్చేవాళ్లూ, గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చేవాళ్లూ ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కనే పనిచేస్తారు.

ఇలాంటి చోట ఆయుధపూజకో దీపావళికో మిఠాయి పెట్టెలు తెరిస్తే మైసూరుపాకు రెండు రకాలుగా కనిపిస్తుంది. చెన్నై నుంచి వచ్చిన పెట్టెలో ముక్క మెత్తగా, నున్నగా, నెయ్యి మెరుస్తూ ఉంటుంది. వేలితో నొక్కితే దిగిపోతుంది, నోట్లో పెట్టుకుంటే నమిలే పని లేకుండా జారిపోతుంది. ఊళ్లో సారెకు చేయించిన ముక్క అలా ఉండదు. దాని ఒళ్లంతా రంధ్రాలు, లోపలంతా గుల్ల. అంచులు లేత పసుపు, నడిమి భాగం గోధుమ రంగు. కొరికితే కరకరమని విరిగి, మరుక్షణం పొడిపొడిగా రాలిపోతుంది. రెండింటి పేరూ ఒకటే. సరుకులు కూడా అవే: శనగపిండి, చక్కెర, నెయ్యి. తేడా అంతా చేసే తీరులో ఉంది. అందులోనూ పొయ్యి మీద గడిచే చివరి కొద్ది నిమిషాల్లో ఉంది.

ఈ మిఠాయి పుట్టుక గురించి మైసూరులో చెప్పే కథ ప్రసిద్ధమైనదే. నాలుగో కృష్ణరాజ వొడెయరు కాలంలో అంబావిలాస్ ప్యాలెస్ వంటశాలలో కాకాసుర మాదప్ప అనే వంటవాడుండేవాడు. ఒకరోజు రాజుగారి భోజనంలో తీపి పదార్థం తక్కువైందని శనగపిండి, చక్కెర, నెయ్యి కలిపి అప్పటికప్పుడు ఏదో చేసి వడ్డించాడట. రాజుగారికి నచ్చింది. పేరేమిటని అడిగితే, తోచిన పేరు చెప్పేశాడట. మాదప్ప వంశీకులు ఇప్పటికీ మైసూరులో, దేవరాజ మార్కెట్ దగ్గర సయ్యాజీరావు రోడ్డులో గురు స్వీట్ మార్ట్ నడుపుతున్నారు. వొడెయరు 1940లో కన్నుమూశారు కాబట్టి, కథను ఉన్నదున్నట్టు నమ్మినా ఈ మిఠాయి వయసు మరీ ఎక్కువేం కాదు. ఇంత తక్కువ కాలంలో అది తెలుగువాళ్ల పెళ్లి పందిళ్లలో లడ్డూ, జాంగ్రీల సరసన చేరింది.

మెత్తటి రకానిది వేరే చరిత్ర. కోయంబత్తూరులో ఎన్.కె. మహాదేవ అయ్యర్ 1948లో మొదలుపెట్టిన శ్రీకృష్ణ స్వీట్స్, ‘మైసూర్‌పా’ పేరుతో నేతిలో తేలే మృదువైన ముక్కను తమిళనాడంతటా ఇష్టపడేలా చేసింది. ఇప్పుడు తిరుపతి, చిత్తూరు పట్టణాల మిఠాయి దుకాణాల్లో కూడా ‘నెయ్యి మైసూర్‌పాక్’ అని ముందు వరుసలో పెడుతున్నది ఈ రకాన్నే. గుల్ల రకం వెనక అద్దాల అరలోకి జరిగింది. మెత్తటిదానికి ఆదరణ ఊరికే రాలేదు. పళ్లు లేని పెద్దవాళ్లు తినగలరు, పెట్టెలో సర్దితే రాలదు, చేసేవాడికి తప్పు జరిగే అవకాశమూ తక్కువ. కానీ పనితనం మాట వస్తే గుల్ల రకానిదే పైచేయి. దాన్ని చేయగల చేతులు తగ్గిపోకూడదంటే, అది ఎలా తయారవుతుందో తినేవాళ్లకు కూడా తెలియాలి.

ఈ ప్రాంతం వాళ్లకు తిరుమల లడ్డూతో పోల్చి చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. లడ్డూకు దేవస్థానం పాటించే కొలతను దిట్టం అంటారు. 5,100 లడ్డూలకు 180 కిలోల శనగపిండి, 400 కిలోల చక్కెర, 165 కిలోల ఆవునెయ్యి, 30 కిలోల జీడిపప్పు, 16 కిలోల ఎండుద్రాక్ష, 8 కిలోల కలకండ, 4 కిలోల యాలకులు: మొత్తం 803 కిలోలని ఆ లెక్క. ద్రాక్ష, జీడిపప్పు, కలకండ, యాలకులు తీసేస్తే మిగిలేవి మైసూరుపాకు సరుకులే. చక్కెర పిండికి రెండింతలో, అంతకంటే ఎక్కువో ఉండడం కూడా రెండింటికీ సమానమే. కానీ లడ్డూలో పిండిని ముందు నేతిలో బూందీగా వేయించి, తర్వాత పాకంలో కలుపుతారు. మైసూరుపాకులో ముందు పాకం పడతారు. పచ్చిపిండి ఆ పాకంలోనే పడుతుంది, వేగడం కూడా ఆ పాకంలోనే. నీళ్లున్న చోట వేపుడు సాగాలంటే నీళ్లు పోవాలి. ఆ నీళ్లు ఆవిరై పోయే దారులే మైసూరుపాకులో రంధ్రాలు.

ఇంట్లో చేసుకోవడానికి ఒక కొలత: శనగపిండి 100 గ్రాములు, చక్కెర 200 నుంచి 250 గ్రాములు, నెయ్యి 250 గ్రాములు, నీళ్లు చిన్న గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్లు. నేతిలో సగం వాసన లేని నూనె కలుపుకొనేవాళ్లూ ఉన్నారు, గుల్లకు దానివల్ల నష్టమేమీ లేదు. పిండిని సన్న జల్లెడలో పట్టాలి. పచ్చివాసన పోయేవరకు సన్నటి సెగ మీద కాస్త వేపుకుంటే ఇంకా మంచిది, రంగు మారనివ్వకూడదు. పక్క పొయ్యి మీద నెయ్యి కాగుతూ ఉండాలి. చివరిదాకా కాగుతూనే ఉండాలి. ఈ మాటను తేలిగ్గా తీసుకున్నవాళ్లకు గుల్ల రాదు.

మందపాటి బాణలిలో చక్కెర, నీళ్లు వేసి మరిగిస్తే కాసేపటికి తీగ పాకం వస్తుంది. వేళ్ల మధ్య తీసి చూస్తే ఒక్క తీగ సాగాలి. అప్పటికి పాకం వేడి సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా చక్కెరే ఉంటుంది. అయినా నీళ్లు ఇంకా మిగిలే ఉంటాయి. ఉండాలి కూడా. పాకం ఇక్కడే ముదిరిపోతే పిండి ఉడకడానికీ, తర్వాత ఆవిరి పుట్టడానికీ తడి చాలదు. పాకం మరీ లేతగా ఉంటే ఆ తడి ఎంతకీ వదలదు, హల్వాలా సాగుతుంది. తీగ రాగానే పిండిని కొద్దికొద్దిగా చల్లుతూ ఉండలు కట్టకుండా కలపాలి. ఒక మనిషి చల్లుతుంటే మరో మనిషి తిప్పడం పాత పద్ధతి. పందిళ్లలో వంట మేస్త్రీలు ఈ పనికి ఇద్దరు ఉండాలంటారు, అది సరైన మాటే.

పిండి ఉడికి, ముద్ద కాస్త బరువెక్కాక కాగే నెయ్యి ఒక గరిటెడు పోస్తారు.

అప్పుడు బాణలి ఒక్కసారిగా చుయ్యిమంటుంది. ముద్ద నురగ కట్టి పొంగుతుంది. నెయ్యి వేడి 170, 180 డిగ్రీల దాకా ఉంటుంది. నీళ్లు మరిగేది 100 దగ్గర, చక్కెర కలిసిన నీళ్లయితే ఇంకాస్త పైన. అంతకంటే ఎంతో వేడిగా ఉన్న నెయ్యి తగలగానే ముద్దలోని తడి ఉన్నపళంగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఒక్క చుక్క తడి అంత ఆవిరిగా మారి, పైకి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఆ దారి చుట్టూ ఉన్న పిండిలోని మాంసకృత్తులు, గంజి వేడికి గట్టిపడతాయి. చక్కెర వాటిని పట్టి ఉంచుతుంది. ఆవిరి వెళ్లిపోతుంది, దారి మిగులుతుంది. మంచి మైసూరుపాకు ముక్కను పక్కనుంచి చూస్తే రంధ్రాలు చాలావరకు నిలువుగా, కింది నుంచి పైకి సాగి తేనెపట్టులా కనిపించేది ఇందుకే.

మరో గరిటెడు, మళ్లీ పొంగు, మళ్లీ కలపడం. నెయ్యంతా ఒక్కసారే పోస్తే ముద్ద పీల్చుకోలేదు, వేగదు కూడా. నెయ్యి చల్లారి ఉంటే ఆవిరి పుట్టదు, పిండి నేతిలో నానుతుందంతే. మెత్తటి రకంలో జరిగేది దాదాపు ఇదే. దాంట్లో పిండిని ముందే కరిగిన నేతిలో జారుగా కలిపి పాకంలో పోస్తారు. పిండి రేణువుల చుట్టూ నేతి పొర ముందే ఏర్పడుతుంది కాబట్టి ఉండలు కట్టదు. మిగతా నెయ్యి కూడా మరీ కాగనక్కర్లేదు. ముద్ద అంచులు వదులుతుండగానే దించేస్తారు. పొంగు తక్కువ, తడి ఎక్కువ, రంధ్రాలు లేవు. అదొక మంచి మిఠాయి, కాదనలేం. కానీ గుల్ల మైసూరుపాకుకు మెరుగులు దిద్దితే అది రాలేదు. దాని దారే వేరు.

బాణలి దగ్గరికి మళ్లీ వస్తే, నెయ్యి పోసిన ప్రతిసారీ తడి కొంత పోతుంది, ముద్ద వేడి పెరుగుతుంది. తడి పోయేకొద్దీ చక్కెర ఇక కరిగి ఉండలేదు. గరిటె తిరుగుతున్నకొద్దీ సన్నటి స్ఫటికాలుగా మారడం మొదలవుతుంది. ముక్క కొరికినప్పుడు పొడిగా రాలడానికి సగం కారణం ఈ స్ఫటికాలు. మిగతా సగం పిండిది. గోధుమపిండికి నీళ్లు తగిలితే సాగే బంక పుడుతుంది, దాన్నే గ్లూటెన్ అంటారు. శనగపిండిలో అది లేదు. పట్టి లాగే శక్తి లేని పిండి, చుట్టూ నెయ్యి, మధ్యలో సన్నటి చక్కెర: విరిగిపోవడానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి.

ప్రపంచంలో పొడిపొడిగా రాలే తీపి రొట్టెలు, బిస్కెట్లు చాలావాటిలో కిటుకు ఇదే. స్కాట్లండ్ షార్ట్‌బ్రెడ్‌కు పాత కొలత ఒక వంతు చక్కెర, రెండు వంతుల వెన్న, మూడు వంతుల గోధుమపిండి. అంత వెన్న పిండి రేణువులను కమ్మేస్తే బంక పుట్టదు, బిస్కెట్ నోట్లో రాలిపోతుంది. ఇరాన్‌లో శనగపిండితోనే నాన్-ఎ-నొఖొద్చి అనే చిన్న బిస్కెట్లు చేస్తారు. యాలకుల వాసనతో నాలుక మీదే పొడి అవుతాయి. మన బేకరీల్లో దొరికే నాన్‌ఖటాయీ ఇదే కుటుంబానిది. గుజరాత్ మోహన్‌థాల్‌లో శనగపిండికి కాస్త పాలు, నెయ్యి పట్టించి చేత్తో రుద్ది, జల్లించి, పలుకుపలుకుగా చేశాక వేపుతారు. వీటన్నిటిలో రాలే గుణం ఓవెన్ వల్లనో ముందస్తు తయారీ వల్లనో వస్తుంది. మరుగుతున్న పాకంలో కాగిన నెయ్యి పోసి, ఆవిరితో అప్పటికప్పుడు గుల్ల తెప్పించడం మైసూరుపాకు ప్రత్యేకత.

ఇక దించే ఘడియ. ముద్ద బాణలికి అంటుకోకుండా ఒక్కటిగా తిరుగుతుంది. వేగిన పిండి కమ్మటి వాసన వస్తుంది. పోసిన నెయ్యి లోపలికి పోకుండా అంచుల్లో తేలుతుంది. చుయ్యిమనే చప్పుడు తగ్గుతుంది, అంటే ఆవిరి కావడానికి తడి దాదాపు లేదన్నమాట. స్వీటు మాస్టర్లు చాలామంది కంటితో పాటు చెవిని కూడా నమ్ముకునేది ఇక్కడే. ఇప్పుడు ఆలస్యం చేస్తే చక్కెరంతా బాణలిలోనే స్ఫటికమై, పళ్లెంలో పోసేలోగా పొడిగా విడిపోతుంది. తొందరపడితే నమలాల్సిన హల్వా అవుతుంది. మధ్యలో ఉన్నది సెకన్ల వ్యవహారం.

స్ఫటికాల మీద ఇలాంటి అదుపు ఫ్యాక్టరీల్లోనూ కావాలి. మొదట చెప్పిన శ్రీ సిటీలోనే 134 ఎకరాల్లో మోండెలీజ్ కంపెనీ క్యాడ్‌బరీ చాక్లెట్ల ఫ్యాక్టరీ ఉంది. 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. చాక్లెట్ విరిచినప్పుడు టప్పుమనాలంటే దానిలోని కోకో వెన్న ఒక ప్రత్యేకమైన రకం స్ఫటికాలుగానే గడ్డకట్టాలి. అందుకోసం చాక్లెట్ పరిశ్రమలో యంత్రాలు 30 డిగ్రీల పరిసరాల్లో వేడిని ఒకటి రెండు డిగ్రీల తేడా రాకుండా కాపాడుతూ ద్రవాన్ని తిప్పుతుంటాయి. మిఠాయి దుకాణం వెనక వంటగదిలో జరిగేది కూడా స్ఫటికాలను అదుపులో పెట్టే పనే. అక్కడ థర్మామీటరు లేదు. గరిటె ఎంత బరువుగా తిరుగుతోంది, నురగ రంగు ఎలా మారుతోంది, చప్పుడు ఎప్పుడు తగ్గింది అని గమనించే మనిషి ఉన్నాడు. ఆ మనిషికి ఫ్యాక్టరీ ఇంజనీరుకిచ్చే గౌరవంలో సగం కూడా మనం ఇవ్వడం లేదు. ఇవ్వాలి.

ముద్దను పోసే పాత్రకు కూడా ఇందులో వంతు ఉంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పోస్తే వేడి త్వరగా పోయి ముక్క అంతా ఒకే లేత రంగులో ఉంటుంది. లోతైన, మందపాటి పాత్రలో పోస్తే అంచులు ముందుగా చల్లారతాయి, నడిమి భాగం చాలాసేపు వేడిగానే ఉంటుంది. ఆ వేడిలో పిండిలోని మాంసకృత్తులు, చక్కెరలు కలిసి రంగు తేలతాయి. రొట్టె కాలినప్పుడూ కాఫీ గింజలు వేగినప్పుడూ జరిగే చర్య ఇదే. ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో దీన్ని మొదటిసారి వివరించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. ముక్కలో కనిపించే పసుపు, గోధుమ, పసుపు చారల రహస్యం రంగు పొడిలో లేదు, పాత్ర లోతులో ఉంది. పోశాక పైన గరిటెతో అదిమి చదును చేయకూడదు. అదిమితే రంధ్రాలు మూసుకుపోతాయి. పాత్రను కాస్త వంచి ఉంచితే అదనపు నెయ్యి ఒక మూలకు చేరుతుంది. వేడి ఉండగానే కత్తితో గాట్లు పెట్టాలి. పూర్తిగా చల్లారాక కోస్తే ముక్కలు రావు, పొడి వస్తుంది.

గుల్ల కోసం చిటికెడు వంటసోడా వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. సోడా వేడికి గాలి బుడగలు వదులుతుంది, రంధ్రాలు కనిపిస్తాయి. కానీ రంగు ఎరుపెక్కుతుంది, తిన్నాక నోట్లో సోడా రుచి తగులుతుంది. నెయ్యి కాగి ఉంటే సోడా అవసరమే లేదు.

సరుకుల విషయానికొస్తే రాయలసీమ అదృష్టం గొప్పది. కర్నూలు, అనంతపురం, కడప, వాటికి తోడు ప్రకాశం జిల్లా నల్లరేగళ్లలో రబీలో పప్పుశనగ విరివిగా పండుతుంది. 1999లో విడుదలైన జేజీ-11 అనే రకం వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో ఈ పంట విస్తీర్ణం, దిగుబడి బాగా పెరిగాయి. చిత్తూరు జిల్లా పాడికీ చెరకుకూ పేరుపడింది. ఇక్కడి చెరకులో చాలాభాగం బెల్లంగా మారుతుంది. బెల్లంతో కూడా మైసూరుపాకు చేస్తారు, అయితే బెల్లంలోని ఇతర చక్కెరలు, మలినాలు స్ఫటికాలు కట్టనివ్వవు. అందుకే బెల్లం ముక్క రుచిగా ఉన్నా గుల్ల తక్కువ, మెత్తదనం ఎక్కువ.

నేతి దగ్గర జాగ్రత్త అవసరం. డాల్డా 1937లో వచ్చినప్పటి నుంచి మిఠాయి వంటగదుల్లో నేతి స్థానంలోకి వనస్పతి చొరబడింది. గుల్ల దానితోనూ వస్తుంది, ఎందుకంటే ఆవిరికి కావలసింది వేడి మాత్రమే. తేడా నోట్లో తెలుస్తుంది. నెయ్యి నాలుక వేడికి ఇట్టే కరుగుతుంది. వనస్పతి అంత సులువుగా కరగక అంగిలి మీద పూతగా మిగులుతుంది. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చెరుపని తేలాక, నూనెలు, కొవ్వుల్లో అవి 2 శాతానికి మించకూడదని ఆహార భద్రతా సంస్థ 2022 జనవరి నుంచి నిబంధన పెట్టింది. 2024లో తిరుమల లడ్డూ నెయ్యిపై వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి, దర్యాప్తు బృందం ఏర్పడిన తర్వాత తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొనేవాళ్లు ఏ నెయ్యి అని అడగడం సహజం. అడగడమే మంచిది. విడిగా అమ్మే మిఠాయిలను ఎప్పటిలోగా తినాలో తట్టల దగ్గర రాసి పెట్టాలన్న నిబంధన కూడా 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. కొనేముందు ఆ తేదీ చూడాలి. తడి దాదాపు లేని గుల్ల మైసూరుపాకు గాలి చొరని డబ్బాలో రెండు వారాలైనా ఉంటుంది. మెత్తటిదాన్ని అంతకంటే ముందే తినేయడం మేలు.

కొనేటప్పుడు ముక్కను పక్కనుంచి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. రంధ్రాలు నిలువుగా, సన్నగా ఉంటే నెయ్యి కాగినట్టు. పెద్దపెద్ద గుండ్రటి బుడగలు, ఎర్రటి ఛాయ ఉంటే సోడా పడి ఉండవచ్చు. అసలు రంధ్రాలే లేకుండా గట్టిగా ఉంటే పాకం ముదిరినట్టు.

ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు పాకం చెడినా భయపడనక్కర్లేదు, పారేయవలసినది ఏదీ ఉండదు. రాయిలా గట్టిపడితే ముక్కలు చేసి, అరగ్లాసు నీళ్లు పోసి సన్నటి సెగ మీద కరిగించాలి. చక్కెర మళ్లీ పాకంలోకి వస్తుంది. కాగిన నెయ్యి రెండు గరిటెలు పోస్తూ మళ్లీ పొంగు తెప్పించవచ్చు. గడ్డకట్టకుండా హల్వాలా మిగిలితే తిరిగి బాణలిలో వేసి, అంచుల్లో నెయ్యి తేలేవరకు తిప్పాలి. పూర్తిగా పొడైపోతే వేడి పాలలో రెండు చెంచాలు వేసి పిల్లలకు ఇవ్వవచ్చు, లేదా ఆ పొడిలో కాస్త నెయ్యి, యాలకుల పొడి కలిపి వెచ్చగా ఉండగానే ఉండలు చుట్టుకోవచ్చు.